రివాల్వర్ పెట్టెలో కోటు దూది

నా జీవితంలో రివాల్వర్‌ను ఒక్కసారే చేత్తో పట్టుకున్నాను. అదీ దాని కొలతలు తీసుకోవడానికి. దర్జీ పని నేర్చినవాణ్ని కాబట్టి మెడలో టేపు, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని ఆ ఇనుప వస్తువు ముందు మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు నాకే నవ్వొచ్చింది. ఆ తర్వాత జరిగినదాంట్లో నవ్వడానికి ఏమీ లేదు. ఇది చదివేవాళ్లలో కుట్టుపని, చెక్కపని చేసే చిన్నవాళ్లు ఉంటారు. దుబాయ్ పోదామని చూస్తున్నవాళ్లూ ఉంటారు. పనిలో తప్పు ఎలా జరుగుతుందో మీకు చాలామంది చెప్తారు. తప్పు జరిగాక నోరు ఎలా మూతపడుతుందో నేను చెప్తాను, ఆ విద్యలో నాకు బాగానే అనుభవం ఉంది.

మాది జగిత్యాల వైపు. కోట్లు కుట్టడం నేర్చుకుని దుబాయ్ పోయాను. నేను పనిచేసిన టైలరింగ్ దుకాణం 2009లో మూతపడింది. ఆ ఏడాది అక్కడ చాలా షట్టర్లు అలాగే దిగాయి. వీసా గడువు ఉండగానే ఇంకో చోటు చూసుకోవాలి కాబట్టి, దుబాయ్‌లోనే అల్ కుసైస్‌లో పెట్టెలు తయారుచేసే ఒక వర్క్‌షాపులో గుడ్డపని తెలిసినవాడు కావాలన్నారని విని వెళ్లాను. అత్తరు సీసాలు, ఖర్జూరం, వంకీ కత్తులు, పందెంలో గెలిచిన కప్పులు, ఏదైనా సరే, ఆ దేశంలో మఖమల్ పరిచిన పెట్టెలో పెట్టి ఇస్తేనే అది బహుమతి. పెట్టె వడ్రంగి చేస్తాడు. లోపల మెత్త, మఖమల్ నేను వేయాలి. అలా మనుషులకు కుట్టేవాణ్ని వస్తువులకు కుట్టడం మొదలుపెట్టాను. వస్తువులతో ఒక సుఖం ఉంది. ట్రయల్‌కు వచ్చి చంక కింద బిగుతైందని గొడవ చేయవు.

నా బల్ల పైన అటక మీద ఉండేది. కింద మిషన్లు, రంపాలు, మనుషులు. పైన నేను, జిగురు డబ్బాలు, ఒక కిటికీ ఏసీ. జిగురు వాసనకు ఎవరూ మెట్లెక్కి వచ్చేవాళ్లు కాదు. పొద్దున ఏడింటికి ఎక్కితే మధ్యాహ్నం ఒంటిగంట దాకా నాతో మాట్లాడే ప్రాణి లేదు. దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో నా గదిలో ఉన్న ముగ్గురూ మంచివాళ్లే. ఒకరిది పెషావర్ వైపు, ఇద్దరిది బంగ్లాదేశ్. అన్నం తిన్నావా, నీళ్లొచ్చాయా, లైటు తీసేయనా. మా నలుగురికీ ఉమ్మడిగా ఉన్న హిందీ అంతే. వారాల తరబడి నోట తెలుగు మాట రాక, ఒక్కోసారి కత్తెరతో, టేపుతో మాట్లాడేవాణ్ని. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, అవి జవాబు చెప్పకపోతే కోపం కూడా వచ్చేది.

రెండో ఏడాది కోనసీమ నుంచి ఒక వడ్రంగి వచ్చాడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. సన్నగా, పొడుగ్గా, ప్రతి మాటకూ ‘ఆయ్’ అనేవాడు. కోట్లు కత్తిరించేవాణ్ని మాస్టర్ అంటారు కదా, అది పట్టుకుని నన్ను మాస్టారూ అని పిలిచేవాడు. నేను తమ్మీ అనేవాణ్ని. మొదటి రోజు మధ్యాహ్నమే జిగురు వాసనను లెక్కచేయకుండా డబ్బా పట్టుకుని అటకెక్కి వచ్చాడు.

“మీరు తెలుగోరంట కదండీ. కలిసి తిందారండి.”

“తిందాం గానీ తమ్మీ, ముక్కు మూసుకొని తినాలె ఈడ.”

“పర్లేదండి. గోంగూర పచ్చడుంది. దాని ముందు మీ జిగురు వాసన ఏపాటిదండి?”

నేను ఆ పచ్చడి నాలుక మీద పెట్టుకుని, ఇందులో కూడా బెల్లం వేశారా అని అడిగాను. మీ నాలుకలు మిరపకాయలకు కాలిపోయాయండీ, మీకు రుచి తెలీదు అన్నాడు. ఆ తర్వాత దాదాపు నాలుగేళ్లు రోజూ ఒంటిగంటకు అదే తగువు. మన దగ్గర రాష్ట్రం రెండుగా విడిపోతున్న రోజుల్లో కూడా మా ఇద్దరి మధ్య పంపకానికి వచ్చింది పచ్చడి ఒక్కటే. ఆ ఒక్క గంట కోసం నేను పొద్దున లేచేవాణ్నంటే అబద్ధం కాదు.

అతని చేతి గురించి చెప్పాలి. చెక్క ముక్కను తీసుకుని వేలి కణుపుతో రెండుసార్లు తట్టేవాడు, తర్వాత చెంపకు ఆనించుకునేవాడు. ఆరింది, ఆరలేదు అని అంతే చెప్పేవాడు. తడి కొలిచే చిన్న మిషన్ షాపులో ఒకటి ఉండేది. దాన్ని పెట్టి చూసినా అతను చెప్పిందే వచ్చేది. తర్వాత ఆ మిషన్ బ్యాటరీ అయిపోతే ఎవరూ మార్చలేదు. మా ముదీర్, అంటే మేనేజర్, సిరియా మనిషి, మిషన్‌కు బదులు ఇతన్నే పిలిచేవాడు. ఆ చేతిని చూసి అతనికి లోలోపల చాలా గర్వం. పైకి ఎప్పుడూ అనలేదు గానీ, చెంపకు చెక్క ఆనించుకున్నప్పుడు కళ్లు మూసుకునే తీరులో తెలిసేది.

2014లో, రంజాన్‌కు ముందు, ఒక పెట్టె రిపేరుకు వచ్చింది. అజ్మాన్‌లో ఉండే ఒక పెద్దాయనది. పాత తుపాకులు సేకరించడం ఆయన సరదా. అక్కడివాళ్లు ఇలాంటి పెద్దమనుషుల్ని అర్బాబ్ అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. నల్లటి చెక్కతో చేసిన అందమైన పాత పెట్టె. కానీ అది వేరే తుపాకీ కోసం చేసింది. ఆయన కొత్తగా కొన్న రివాల్వర్ వందేళ్ల పైబడినది, గొట్టం పొడుగు. పాత గుంటలో పట్టదు. పెట్టె అలాగే ఉంచి, లోపలి చెక్క కొత్తగా చెక్కి, మఖమల్ మార్చి, ఈ రివాల్వర్‌కు సరిపోయేలా చేయాలి. పండక్కి వచ్చే స్నేహితులకు చూపించుకోవాలని ఆయన ఆశ. రివాల్వర్ ఇల్లు దాటి బయటికి రాకూడదు, లైసెన్సు అలాంటిది. కాబట్టి ఎవరో ఒకరు వెళ్లి అచ్చు గీసుకు రావాలి. కొలతల మనిషివి నువ్వే వెళ్లమని ముదీర్ నన్ను పంపాడు.

అర్బాబ్ ఇంట్లో గోడల వెంట దిండ్లు పరిచిన పెద్ద హాలు. యాభై మంది కూర్చోవచ్చు. ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. రివాల్వర్ తెచ్చి ముందు దాని గుండ్రటి భాగం తెరిచి, గుళ్లు లేవని నాకు చూపించాడు. “షూఫ్, ఖాలీ” అన్నాడు. చూడు, ఖాళీ అని. అది నా చేతిలో పెట్టేటప్పుడు పసిపిల్లను ఇస్తున్నట్టు రెండు చేతులూ కింద పట్టాడు. నీలం, నలుపు కలిసిన ఒక మెరుపు ఉంది దాని మీద. ఆ మెరుపు వందేళ్ల నాటిదని, ఇప్పుడు అలా ఎవరూ పట్టించలేరని, దానికోసమే కొన్నానని సైగలతో, సగం హిందీతో చెప్పాడు.

కాగితం మీద దాన్ని పెట్టి చుట్టూ గీత గీశాను. ఇక్కడే నా చెయ్యి నన్ను మోసం చేసింది. దర్జీ ఎప్పుడూ ఒక గీతతో ఆగడు. అసలు గీత బయట, కుట్టుకోసం పావు అంగుళం వదిలి ఇంకో గీత గీస్తాడు. బయటి గీత మీదే కత్తిరిస్తాడు. ముప్పై ఏళ్ల అలవాటు. నాకు తెలియకుండానే రెండో గీత గీశాను, దాని మీదే కత్తిరించాను. ఆ కాగితం తెచ్చి వడ్రంగికి ఇచ్చాను. వడ్రంగికి ఇంకో అలవాటు ఉంటుంది. మఖమల్ మందం పోవాలి కదా అని, ఇచ్చిన గీతకు చుట్టూ కొంచెం వదిలి చెక్కుతాడు. నేను వదిలింది అతనికి తెలియదు. అతను వదులుతాడని నాకు తట్టలేదు. ఒకే సందుకు ఇద్దరం చోటు వదిలాం.

వైట్‌వుడ్ అనే తేలిక చెక్కలో గుంట చాలా శుభ్రంగా చెక్కాడు. నేను ముదురు ఎరుపు మఖమల్ వేశాను. తీసుకెళ్లి అర్బాబ్ ముందు పెట్టాను. ఆయన రివాల్వర్ అందులో ఉంచి, మూత వేసి, పెట్టెను కొంచెం వంచాడు. లోపల టక్‌మంది. మళ్లీ వంచాడు. మళ్లీ టక్‌. నా వైపు చూశాడంతే. నాకు ఆ క్షణంలోనే రెండో గీత గుర్తొచ్చింది. చిన్న సర్దుబాటు, రేపు తెస్తానని చెప్పి పెట్టె చంకలో పెట్టుకుని వచ్చేశాను.

చేయాల్సింది ఒక్కటే. తమ్మీ, గీత తప్పు గీసిన, ఇంకో చెక్క చెక్కు అని చెప్పాలి. ఒక రోజు పడుతుంది, అర్బాబ్ ఒక రోజు ఆగేవాడే. కానీ అంతకు వారం ముందే అతను ఒక పెట్టెకు మూత మడతబందులు తలకిందులుగా బిగించాడు. నేను షాపులో అందరి ముందూ ఆ పెట్టె తిరగేసి పట్టుకుని, మా తమ్మి గబ్బిలాల కోసం పెట్టె చేసిండు అని ఆట పట్టించాను. అందరూ రెండు రోజులు నవ్వారు. ఇప్పుడు నా వంతు వచ్చింది. మాస్టర్ గీత తప్పాడని అతను నవ్వుతాడేమోనని, నిజం చెప్తున్నాను, అంత చిన్న విషయానికి భయపడ్డాను.

అటకెక్కి తలుపు వేసుకున్నాను. మఖమల్ ఊడదీశాను. కోటు భుజాల్లో పెట్టే దూది నా పాత సంచిలో ఇంకా ఉంది. దాన్ని తడిపి ఇస్త్రీ పెడితే ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారంలో గట్టిపడుతుంది. కోట్ల పనిలో అది నాకు పేరు తెచ్చిన విద్య. గుంట చుట్టూ ఆ దూది సర్ది, తడిపి, చిన్న ఇస్త్రీతో ఒత్తి, పైన మఖమల్ మళ్లీ అంటించాను. అరచేత్తో తడిమితే కొంచెం చెమ్మగా తగిలింది. ఏసీలో ఆరిపోతుందిలే అనుకున్నాను. కోటు భుజమైతే ఆరిపోయేది కూడా. గాలి తగులుతుంది, మనిషి తిరుగుతాడు. మూత వేసిన పెట్టెలో ఆ చెమ్మ ఎటు పోతుంది? పైగా ఆ మూతను గాలి దూరనంత బిగువుగా మా వడ్రంగే సరిచేసి ఉన్నాడు.

మర్నాడు అర్బాబ్ పెట్టెను వంచి చూశాడు. చప్పుడు లేదు. నా భుజం తట్టి ఖర్జూరాలు పెట్టాడు. నేను సంతోషంగా తిన్నాను.

ఎండలు తగ్గాక, సెప్టెంబరు చివర్లో ఆ పెట్టె షాపుకు తిరిగొచ్చింది. ఖాళీగా. ముదీర్ తన ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. రివాల్వర్ ఒక పక్కన, గొట్టం మీద, గుండ్రటి భాగం మీద బొటనవేలంత తుప్పు మరకలు. ఆ నీలి మెరుపు పోయింది. రుద్దితే తుప్పు పోతుంది గానీ మెరుపు కూడా పోతుందట. అర్బాబ్ అరవలేదట. ఇక నుంచి నా పని మీ దగ్గర వద్దు అని మాత్రం అన్నాడట. ఆయన వద్దంటే ఆయన హాల్లో కూర్చునే యాభై మందీ వద్దన్నట్టే. ముదీర్ ముఖం నల్లబడి ఉంది. మమ్మల్నిద్దర్నీ బల్ల దగ్గరికి పిలిచి, పెట్టెలో ముక్కు పెట్టి వాసన చూసి, “లకడీ గీలా థా?” అని వడ్రంగిని అడిగాడు. చెక్క తడిదా అని.

మా వడ్రంగికి అబద్ధం ఆడటం రాదు. కనీసం ఆలోచించి నిజం చెప్పడం కూడా రాదు. చెక్క వచ్చిన వారానికే కోశానని, ఆరిందనే అనుకున్నానని తన హిందీలో చెప్పేశాడు.

“అనుకున్నావా?” అన్నాడు ముదీర్. “మిషన్ పెట్టి చూశావా?”

“మిషన్ పనిచేయట్లేదు కదండీ,” అని తెలుగులో అని, నా వైపు తిరిగాడు. “మీరు చెప్పండి మాస్టారూ. నేను తడి చెక్క ఎప్పుడైనా వాడానాండీ?”

వాడలేదు అనొచ్చు. అది నిజం. కానీ అది అంటే తర్వాతి ప్రశ్న నా మీదికి వస్తుంది. నేను పెట్టె వైపు చూస్తూ నిలబడ్డాను. నా మౌనం ముదీర్‌కు సాక్ష్యమైంది. వడ్రంగి వీసా గడువు వచ్చే నెలతో అయిపోతోంది. దాన్ని పొడిగించట్లేదని, కాన్సిల్ చేసి టికెట్ ఇస్తానని ముదీర్ అక్కడికక్కడే చెప్పేశాడు.

పెట్టె కూడా అర్బాబ్ ఇక వద్దన్నాడట, పారేయమని ముదీర్ నాకిచ్చాడు. పైకి తీసుకెళ్లి మఖమల్ కోసి చూశాను. దూది తుప్పురంగు మరకలతో, ముతక వాసనతో ఉంది. దాని కింద చెక్క మాత్రం తెల్లగా, కోసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. వేలితో తట్టాను. నాకు అతని విద్య రాదు, అయినా ఆ చెక్క పొడిగా ఉందని ఎవరికైనా తెలుస్తుంది. దూది తీసి జిగురు చెత్తలో కలిపేశాను. చెక్కను పారేయలేకపోయాను. బల్ల కింద గుడ్డముక్కల వెనక పెట్టాను.

మర్నాడు ఒంటిగంటకు అతను అన్నం డబ్బా లేకుండా వచ్చాడు.

“ఆ చెక్క ఓసారి చూపిస్తారాండీ మాస్టారూ? చేత్తో పట్టుకుని చూస్తే తెలిసిపోద్దండి నాకు.”

“పారేసిన తమ్మీ,” అన్నాను. అతను నిలబడ్డ చోటికి అది జానెడు దూరంలో ఉంది.

వీసా కాన్సిల్ కాగితాలు వచ్చేదాకా ఉన్న ఆ పదిహేను రోజులు నేను మర్చిపోలేను. అతనికి ఉద్యోగం పోయిందన్న దిగులు కాదు. తన చెయ్యి తనకు అబద్ధం చెప్పిందన్న దిగులు. ప్రతి చెక్కా నాలుగుసార్లు తట్టేవాడు. చెంపకు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకునేవాడు. పక్కవాళ్లను పిలిచి, ఇది ఆరిందంటావా అని అడిగేవాడు. నిన్నటిదాకా అతన్నే అడిగినవాళ్లు వాళ్లంతా. ఒకరోజు చెక్కముక్క పట్టుకుని పైకి వచ్చాడు.

“మీరు చెప్పండి. తడా, పొడా?”

“నాకేం తెలుస్తది తమ్మీ. నీ లెక్క నాకు రాదు గద.”

“నాకూ రాదండి ఇప్పుడు. చెయ్యి పోయిందండి.” అరచేయి తిప్పి చూసుకున్నాడు. “ఊళ్లో మా బావమరిదికి రొయ్యల చెరువుందండి. కాపలాకి మనిషి కావాలంటన్నాడు. అక్కడ తడో పొడో చూడక్కర్లేదు కదండీ.”

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

వెళ్లడానికి రెండు రోజుల ముందు తన సామాను పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఉలులు, చిత్రిక, రెండు సుత్తులు. పిడులన్నీ తుమ్మ కర్రతో తనే చేసుకున్నవి. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

“ఉంచుకోండి మాస్టారూ. మీరైతే తుప్పు పట్టకుండా చూసుకుంటారు.”

ఆ మాట అతను మామూలుగానే అన్నాడు. ఆ సాయంత్రం పని దిగే ముందు ముదీర్ గదిలోకి వెళ్లి మొత్తం చెప్పేశాను. రెండో గీత, దూది, తడి, అంతా. నా ఉద్యోగం కూడా పోతుందని తెలిసే చెప్పాను. కొంచెం ధైర్యంగా కూడా అనిపించింది.

ముదీర్ కుర్చీలో వెనక్కి వాలి, “ఖలాస్, సదీఖ్” అన్నాడు. అయిపోయింది మిత్రమా అని. వడ్రంగి వీసా కాన్సిల్ అయిపోయింది. తప్పు చెక్కది అని అర్బాబ్‌కు ముదీర్ అప్పటికే చెప్పేశాడు. ఇప్పుడు వెళ్లి చెక్కది కాదు దూదిది అంటే షాపు పరువు రెండోసారి పోతుంది. ఇద్దర్నీ పంపిస్తే పని ఎవరు చేస్తారు? వెళ్లు, ఎవరితో అనకు అన్నాడు. నాకు శిక్ష కూడా దొరకలేదు. పొద్దున ఏడింటికి మళ్లీ అటకెక్కాను.

ఇక మిగిలింది ఒక్కడికి చెప్పడం. ముదీర్‌కు చెప్పినంత తేలిక కాదది. రేపు చెప్తా అనుకుంటూ ఒక రోజంతా గడిపాను. ఆ రోజు అతను అన్నానికి పైకి వస్తే, వేడి అన్నంలో కలిపిన పచ్చడి ముద్ద నా డబ్బా మూతలో పెడుతుంటే, చెప్పలేకపోయాను. చెప్పేస్తే ఈ గంట ఇక ఉండదు కదా అనే స్వార్థం. ఎలాగూ మర్నాడు ఉండదని తెలిసి కూడా.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి కంపెనీ వ్యాన్ వచ్చింది. పఠాన్ డ్రైవర్ “యల్లా, యల్లా” అని తొందరపెడుతూ హారన్ కొడుతున్నాడు. కింద అందరూ చేతులు కలుపుతున్నారు. నేను అటక మీదే నిలబడి కిటికీలోంచి చూస్తున్నాను. అతను ఒకసారి పైకి చూశాడు. వ్యాన్ తలుపు తీశాడు. అప్పుడు నా కాళ్లు కదిలాయి. బల్ల కింది చెక్క, బల్ల మీది సామాను పెట్టె రెండూ పట్టుకుని మెట్లు దిగి పరిగెత్తాను.

“తమ్మీ, ఆగు. ఇది చూడు.”

చెక్క చేతిలో పెట్టాను. చూడగానే గుర్తుపట్టాడు. తను చెక్కిన గుంట తనకు తెలియదా. నా ముఖం వైపు చూశాడు. పారేశానన్నావు కదా అని అడగలేదు. వేలి కణుపుతో తట్టాడు, రెండుసార్లు. చెంపకు ఆనించుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

“ఇది ఆరిందేనండి,” అన్నాడు.

“ఆరిందే తమ్మీ. మొదటి నుంచి ఆరిందే. తడి నాది. నేను దూది తడిపి పెట్టిన. గీత నేనే తప్పు గీసిన. నీకు చెప్పనీకె సిగ్గై...”

డ్రైవర్ మళ్లీ హారన్ కొట్టాడు. అతను చెక్కను ఇంకోసారి తట్టాడు. విన్న చప్పుడు నిజమేనా అన్నట్టు మూడోసారి కూడా తట్టాడు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి నా మీద కోపంతో వచ్చినవి మాత్రం కావు. కోపం తర్వాత వచ్చింది.

“పదిహేను రోజులు నేను అన్నం సరిగ్గా తిన్లేదండి,” అన్నాడు నెమ్మదిగా. “మీరు చూస్తానే ఉన్నారు. ఎదురుగ్గా కూర్చుని.”

అంత కోపంలో కూడా ‘అండి’ వదల్లేదు. మాస్టారూ అనడం మాత్రం వదిలేశాడు. నేను సామాను పెట్టె ముందుకు చాపాను. ఒక క్షణం దాని వైపు చూసి, నా చేతిలోంచి గుంజుకుని ఒళ్లో పెట్టుకుని వ్యాన్‌లో కూర్చున్నాడు. ఆ చెక్క కూడా తీసుకెళ్లాడు. తలుపు తనే వేసుకున్నాడు. వ్యాన్ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను, అతను ఇటు తిరగలేదు.

ఆ తర్వాత అయిదేళ్లు అదే అటక మీద పనిచేసి 2019లో ఇంటికొచ్చేశాను. కింద కొత్త వడ్రంగులు వచ్చారు, వెళ్లారు. ఎవరూ అన్నం డబ్బా పట్టుకుని మెట్లెక్కలేదు. నేనే దిగి వాళ్లతో కూర్చోవచ్చు. కూర్చోలేదు. రిటైరయ్యాక ఇక్కడ మాట్లాడటానికి మనుషులున్నారు, తెలుగుంది. అయినా ఒంటిగంట కాగానే పక్కన ఎవరో తక్కువైనట్టే ఉంటుంది. చిన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. చేత్తో చేసిన తప్పుకు మందుంది, ఇంకో చెక్క చెక్కుకోవచ్చు. పక్కవాడు తన చేతినే అనుమానించుకుంటుంటే చూస్తూ ఊరుకోవద్దు. ఆ రోజే చెప్పేయండి, అన్నం ముందే చెప్పేయండి.

అతనికి ఒక్కసారే ఫోన్ చేశాను, అతను వెళ్లిన మూడో నెలలో. అజ్మాన్ గదిలో శుక్రవారం, సెలవు రోజు. ఎంతో కష్టపడి నంబరు సంపాదించాను. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. వాళ్లావిడ ఎత్తింది. దుబాయ్ నుంచి, కలిసి పనిచేసినవాణ్ని అని చెప్పాను. ఉండండి అని ఫోన్ పట్టుకుని ఎక్కడికో నడిచింది. నడుస్తుంటే చిత్రిక పడుతున్న చప్పుడు దగ్గరవుతూ వచ్చింది.

“ఏవండీ, దుబాయ్ నుంచంట. మీతో పనిచేశారంట.”

చిత్రిక ఆగింది. నేను రాసుకున్న కాగితం సరిచేసి పట్టుకున్నాను. తర్వాత అతని గొంతు దూరం నుంచి వినిపించింది.

“పనిలో ఉన్నానని చెప్పు.”

చిత్రిక మళ్లీ మొదలైంది. వాళ్లావిడ మొహమాటంగా, “పనిలో ఉన్నారంటండి,” అంది.

“మంచిదమ్మా,” అన్నాను.